చేతులు మారే కళ్ళజోళ్ళు

పెళ్ళయిన ఇరవయ్యో రోజున మా ఇంటికి కొరియర్‌లో నాలుగు కళ్ళజోళ్ళు వచ్చాయి. నా మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగా మెరుస్తూనే ఉంది. అట్టపెట్టె పట్టుకుని నేను వరండాలో చిన్నపిల్లలా గెంతుతుంటే అత్తయ్య సరస్వతమ్మ గారు వంటింట్లోంచి తొంగిచూశారు.

"ఏటమ్మా అది? పెళ్ళి కానుకలు ఇంకా వస్తన్నాయేటి?"

"కానుకలు కాదత్తయ్యా. నా ఉద్యోగం వచ్చింది, పెట్టెలో!"

నేను చదివింది కంప్యూటర్ సైన్సు, పని చేసేది భువనేశ్వర్‌లోని ఒక చిన్న కంపెనీకి. మేం తయారుచేసేది చూడ్డానికి మామూలు కళ్ళజోడే. పెట్టుకుంటే ఎదురుగా ఉన్న ఇల్లూ వాకిలీ ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. వాటి మీద మనకు కావలసిన అక్షరాలూ బొమ్మలూ తేలతాయి. గోడ మీద లేని గడియారం, గాలిలో ఉత్తరం, నేల మీద ఆట. పెద్ద నగరాల్లో కొందరికి ఇచ్చి చూశారు. అందరూ వారం రోజులు మోజు పడి, స్నేహితులకు చూపించి గొప్పలు పోయి, ఆ తర్వాత సొరుగులో పడేశారు. బరంపురంలాంటి ఊళ్ళో ఏమవుతుందో చూద్దామని మా పై అధికారి నాగేంద్రప్రసాద్ గారికి అనిపించింది. సరిగ్గా అప్పుడే నేను పెళ్ళి చేసుకుని బరంపురం లంజిపల్లిలో కాపురానికి వచ్చాను.

షరతు ఇది. నెల రోజులు పరీక్ష. నలుగురి పేర్ల మీద నాలుగు కళ్ళజోళ్ళు. చివరి వారంలో ఒక్కొక్కటీ రోజుకు మూడు గంటలైనా వాడుకలో ఉంటే, బరంపురంలోనే ఒక చిన్న పరీక్షా కేంద్రం తెరుస్తారు, దాన్ని నేను చూసుకోవాలి. లేకపోతే వచ్చే నెల నుంచి నేను భువనేశ్వర్ ఆఫీసుకు పోవాలి. సోమవారం పొద్దున్న వెళ్ళి శుక్రవారం రావడం, మధ్యలో హాస్టలు. మొగుణ్ణి వారానికి రెండు రోజులు చూసుకోవడానికా టెక్కలి నుంచి పెట్టెలు సర్దుకుని వచ్చాను?

ఆ మొగుడి పేరు మురళీమోహన్. బరంపురం స్టేషన్‌లో విచారణ కౌంటర్‌లో ఉద్యోగం. ఏ బండి ఎంత ఆలస్యమో తెలుగు, ఒడియా, హిందీ మూడింట్లోనూ విసుక్కోకుండా చెప్పగల మనిషి. ఇంట్లో కూడా అదే గొంతు. ఉప్పు డబ్బా ఎక్కడుందండీ అంటే, "రెండో నంబరు అలమార మీద నిలిచి ఉన్నాది" అంటాడు. పప్పు ఉడకడం ఆలస్యమైతే, "ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి సింతిస్తన్నాం" అని అత్తయ్య వైపు తిరిగి ప్రకటిస్తాడు. పెళ్ళయి ఇరవై రోజులే కాబట్టి నాకు ప్రతిసారీ నవ్వొస్తుంది. అరవై ఏళ్ళకూ వస్తుందనే అనుకుంటున్నాను.

మొదటి వారం మాత్రం అసౌకర్యమే. మావయ్య సన్యాసిరావు గారు రిటైరైన రైల్వే గార్డు. తన చత్వారం అద్దాల మీద మా కళ్ళజోడు పెట్టుకుని, "నాలుగు కళ్ళు అయిపోనాయి, ఇంక ఎవుడూ నన్ను మోసం సెయ్యలేడు" అన్నారు. రెండు నిమిషాల్లో రెండూ ముక్కు మీంచి జారిపోయాయి. కంపెనీ వాళ్ళు అందులో పెట్టిన ఆట ఏమిటంటే గోడల్లోంచి రాక్షసులు దూకుతుంటే వేలితో కాల్చడం. అత్తయ్య పెట్టుకోగానే ఒక రాక్షసుడు దేవుడి గూటిలోంచి బయటికి వచ్చాడు. ఆవిడ కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టి, గూటికి దండం పెట్టి, "నాకు ఇయ్యొద్దు తల్లీ, పప్పు రుబ్బుకోవాల" అని వెళ్ళిపోయారు. మురళి తనది పెట్టుకుని డ్యూటీకి వెళ్తే కౌంటర్ ముందు నిలబడ్డ ఒకాయన, "బండి సంగతి అడిగితే నా ఫొటో తీస్తన్నావేటి?" అని తగువుకు వచ్చాడు.

వారం చివర లెక్క చూస్తే రోజుకు మనిషికి ఇరవై నిమిషాలు.

"భువనేశ్వర్‌లో హాస్టలు ఎక్కడుందో కనుక్కోనా?" అని మురళి అన్నాడు. నవ్విద్దామనే అన్నాడు గానీ మొహం నవ్వలేదు.

మార్పు గేట్ బజార్‌లో మొదలైంది. పోపుల డబ్బాకు గిన్నెలు కొనాలని నేను మొదటిసారి ఒంటరిగా బజారుకు వెళ్ళాను. నాకు ఒడియా రాదు. చుట్టూ ఉన్న గుండ్రటి అక్షరాలన్నీ ముద్దుగా ఉంటాయి, ఒక్కటీ నాతో మాట్లాడదు. ఆటో దిగి కళ్ళజోడు పెట్టుకున్నాను. ఒక్క క్షణం ఆగి, బోర్డుల మీద తెలుగు తేలింది. దుకాణాల పేర్లు, సందుల పేర్లు, "ఇక్కడ బళ్ళు నిలపరాదు", "ఈ రోజు తాజా పెరుగు". ఊరు ఊరంతా ఒక్కసారి నన్ను పలకరించినట్టయింది. గిన్నెల సంగతి మరిచిపోయి గంటసేపు గోడలు చదువుకుంటూ తిరిగాను. "గోడకు సున్నం వేశాం, ఆనుకోవద్దు" అన్న అట్టముక్క చదివినంత ఆనందంగా నేను ఇంతవరకూ ఏ పుస్తకమూ చదవలేదు.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య చేతిలోని గరిటె ఆగిపోయింది.

"తెలుగులో కనిపిస్తాదా? నిజమేనా?"

అప్పుడు తెలిసింది. అత్తయ్య ఈ ఊరొచ్చి ముప్పై అయిదేళ్ళు. ఒడియా గడగడా మాట్లాడతారు, బేరం చేస్తారు, తిడతారు కూడా. చదవడం మాత్రం రాదు. చిన్నప్పుడు ఇచ్ఛాపురం దగ్గర పల్లెలో అయిదో తరగతి దాకా తెలుగు చదువుకున్నారు, అంతే.

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆవిడ ఎప్పుడూ సరుకులు కొనే కొట్టు ముందు నిలబెట్టి, చత్వారం అద్దాలు తీయించి నా కళ్ళజోడు పెట్టాను. ఆవిడ మెడ వెనక్కి వంచి చాలాసేపు చూశారు.

"మసగ్గా ఉన్నాది గానీ... జయదుర్గా బండార్. ఓలమ్మ! ఈ కొట్టుకి పేరున్నాదేటి? నాను ఇన్నాళ్ళూ నీలం తలుపుల కొట్టు అంతన్నాను!"

కొట్టాయన ఒడియాలో ఏమైందమ్మా అని అడిగాడు. అత్తయ్య ఒడియాలోనే, నీ పేరు చదివాను, అన్నారు. ఆయనకేం అర్థమైందో తెలియదు, రెండు యాలకులు చేతిలో పెట్టాడు.

ఆ మసకను అక్కడే వదల్లేదు. గేట్ బజార్‌లోనే కళ్ళద్దాల కొట్టుకు వెళ్ళి అత్తయ్యకూ మావయ్యకూ సరిపోయే అద్దాలు కొలిపించి, మా ఫ్రేములో బిగించమన్నాం. అంతే. కొత్త వస్తువు కాస్తా వాళ్ళ కళ్ళజోడు అయిపోయింది. అత్తయ్య పొద్దున్నే పెట్టుకుని ఒడియా పేపరు చదవడం మొదలుపెట్టారు. బీరువాలో దాచిన పాత శుభలేఖలన్నీ తీసి చదివారు. "సూడు మురళీ, ఆ పాండా గారు పెళ్ళికి సకుటుంబంగా రమ్మన్నారంట. నాను ఒక్కద్దాన్నే ఎల్లి తిని వొచ్చీసినాను!"

ఇక ఆట సంగతి. మావయ్య ఒక సాయంత్రం వరండాలో సుద్దముక్కతో గీతలు గీస్తుంటే చూశాను. పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి దూకితే మేక చచ్చినట్టు, మేకలన్నీ చుట్టుముట్టి పులిని కదలనివ్వకపోతే పులి ఓడినట్టు. మావయ్య సర్వీసులో ఉన్నన్నాళ్ళూ, బండి సిబ్బంది విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో రామచంద్రరావు అనే డ్రైవరుతో ఇదే ఆడేవారట. ఆయనిప్పుడు ఖల్లికోటలో ఉన్నారు, మోకాళ్ళ నొప్పులతో గుమ్మం దిగలేరు.

"ఫోన్లో ఆడకూడదా మావయ్యా?"

"ఫోన్లో మాట్లాడతాం గానీ, గీతలు సూడకుండా ఆట ఎలాగమ్మా?"

నేను శని, ఆదివారాలు రెండు రోజులూ కూర్చుని పులిజూదం రాశాను. నేల మీద మేం గీత గీయక్కర్లేదు, ఇక్కడ మా వరండాలోనూ అక్కడ ఖల్లికోట అరుగు మీదా ఒకే పటం పరుచుకుంటుంది. ఇక్కడ వేలితో మేకను జరిపితే అక్కడ జరుగుతుంది. మాట వినిపిస్తుంది. నాగేంద్రప్రసాద్ గారిని అడిగి, మురళి పేరున్న కళ్ళజోడును రామచంద్రరావు గారి పేరుకు మార్పించాం. మురళే స్వయంగా రైల్లో వెళ్ళి ఇచ్చి వచ్చాడు.

మొదటి ఆట మొదటి నిమిషంలోనే అటు నుంచి గర్జన వినిపించింది.

"ఒరే సన్నాసీ! నువ్వు జెండా ఊపడం తప్ప ఏటి నేర్సుకున్నావురా? ఆ మేకని అక్కడెడతావా?"

"నాను జెండా ఊపకపోతే నీ బండి కదిలీదేటిరా, డ్రైవరూ?"

మావయ్య పంచె ఎగ్గట్టి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మొహం ముప్పై ఏళ్ళు వెనక్కి వెళ్ళింది. అత్తయ్య గుమ్మంలోంచి చూసి, "నా పెళ్ళికి కూడా ఈ మనిసి ఇంత నవ్వలేదు" అన్నారు.

పులిజూదం ఇద్దరి ఆట అని చెప్తారు గానీ అది అబద్ధం. అది ఇద్దరు ఆడి పదిమంది అరిచే ఆట. అరుపులు వినపడగానే పక్కింటి విజయకుమారి పిన్ని వచ్చింది. అప్పడాలు చేసి అమ్ముతుంది కాబట్టి ఎప్పుడూ మోచేతుల దాకా పిండే. ఆవిడ వెనక ఆవిడ మొగుడు, ఎదురింటి ముసలాయన, ఆటో ఆపి జగ్గన్న. వాళ్ళకేం కనిపిస్తుంది? ఖాళీ నేల, దాన్ని వేలితో పొడుస్తున్న మా మావయ్య.

"పెద్దమనిసికి ఏటైనాది?" అంది పిన్ని.

"ఏటీ అవలేదు, ఇలా రా" అని మావయ్య కళ్ళజోడు తీసి ఆవిడ ముక్కు మీద పెట్టారు. ఆవిడ చేతులకు పిండి ఉంది కదా, తనే తొడిగారు. పిన్ని ఒక్క కేక పెట్టింది. "ఓలమ్మ, పులి! బావగారూ, మీ ఎడం పక్క మేక పోతంది!"

అలా మొదలైంది. రామచంద్రరావు గారు అవతల ఆలోచించుకునే రెండు నిమిషాల్లో ఇక్కడ కళ్ళజోడు ఆరు మొహాలు తిరిగి వచ్చేది. "ఒక్కపారి ఇలాగియ్యి", "నువ్వు సూసినావు కదా, తియ్యీ", "ముక్కు తుడుసుకుని పెట్టుకోరా". పవరు కుదరని వాళ్ళు కళ్ళు చికిలించుకుని చూశారు గానీ వద్దన్న వాళ్ళు లేరు. పిన్ని పగలు అప్పడాలు వత్తుకుంటూ అత్తయ్య కళ్ళజోడు అడిగి పెట్టించుకునేది, రాయగడలో ఉన్న కూతురితో మాట్లాడ్డానికి. పిండి చేత్తో ఫోను ముట్టక్కర్లేదు, కూతురు మొహం అప్పడాల పీట పక్కనే తేలుతుంది. మా ఇద్దరికీ ఒకటే మిగిలింది కాబట్టి నేనూ మురళీ పంచుకున్నాం. స్కూటర్ మీద వెనక కూర్చుని నేను పెట్టుకుని దారి చెప్తే అతను నడిపేవాడు. ఒక్కోసారి కావాలని తప్పు దారి చెప్పేదాన్ని, ఇంకో పది నిమిషాలు ఎక్కువ తిరగొచ్చని.

పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టే దాకా మా ఇంట్లో ఏ కళ్ళజోడూ ఖాళీగా ఉండేది కాదు. రోజుకు పది గంటలకు తక్కువ ఉండదని నా అంచనా. మూడు గంటలు ఒక లెక్కా అనుకున్నాను. హాస్టలు మాటే మరిచిపోయాను.

చివరి వారం మూడో రోజున నాగేంద్రప్రసాద్ గారు ఫోన్ చేశారు.

"ఏమ్మా ప్రమోదా, మీ ఇంట్లో ఎవరూ పెట్టుకోవడం లేదేమిటి?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నీది రోజుకు యాభై నిమిషాలు. మీ అత్తగారిది గంటా పది. మీ మావగారిది నలభై. ఖల్లికోటాయన ఒక్కడిదే మూడున్నర గంటలుంది."

విషయం అప్పుడు తెలిసింది. కళ్ళజోడు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ కంటిపాపను గుర్తు పడుతుంది. వేరే కళ్ళు పెట్టుకుంటే పని చేస్తుంది గానీ సమయం లెక్కలోకి రాదు. తయారుచేసిన వాళ్ళ ఊహలో ఒక మనిషికి ఒక కళ్ళజోడు. మా ఇంట్లో దాన్ని పేపర్‌లాగా వాడాం, ముందు ఎవరి చేతికి దొరికితే వాళ్ళది, తర్వాత పక్కవాళ్ళది. రామచంద్రరావు గారు మాత్రం తన కళ్ళజోడును ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వలేదట. ఆ పిసినారితనమే ఆయనకు మార్కులు తెచ్చింది.

"ఇంకా నాలుగు రోజులున్నాయి" అన్నారు నాగేంద్రప్రసాద్ గారు. "ఆ నాలుగు రోజులైనా ఎవరిది వాళ్ళు పెట్టుకోండి. మొదటి మూడు రోజుల్ని పరిచయం కిందికి తోసేసి సర్దడానికి చూస్తాను."

నేను ఏడవలేదు. కత్తెరా, తెల్లటి ప్లాస్టరూ తెచ్చుకుని కూర్చున్నాను. సరస్వతమ్మ, సన్యాసిరావు, ప్రమోద. మూడు పేర్లు రాసి మూడు కళ్ళజోళ్ళ కాడలకు అంటించాను. అందరినీ వరండాలోకి పిలిచి సంగతి చెప్పాను.

అత్తయ్య వెంటనే తనది పెట్టేసుకున్నారు. "నీకు బువనేస్వరం తప్పుతాదంటే నాను పడుకున్నా ఇది తియ్యను."

"పడుకుంటే కన్ను కనపడదు కదత్తయ్యా, లెక్కలోకి రాదు."

"అయితే పడుకోను!"

ఆ రోజు మా ఇల్లు పరీక్ష హాలులా ఉంది. అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని పేపరు రెండోసారి చదివారు. చదివింది ఎవరికీ వినిపించలేదు. నేను గదిలో నాది పెట్టుకుని ఉత్తరాలు రాశాను. మురళి కళ్ళజోడు లేని చేతులతో ఏం చేయాలో తెలియక రెండుసార్లు స్కూటర్ తుడిచాడు. సాయంత్రం మావయ్య ఆట మొదలుపెట్టారు. పిన్ని గుమ్మం దాకా వచ్చి, కాడకు అంటించిన పేరు చూసింది.

"ఏటిది, ఆస్తి పంపకాలు అయిపోనాయేటి?"

మావయ్య ఏదో సర్దిచెప్పబోయారు. ఆవిడ నవ్వేసింది గానీ ఎక్కువసేపు ఉండలేదు, ఎండలో అప్పడాలున్నాయంటూ వెళ్ళింది. ఆ వేళకు ఎండ ఎక్కడిది! జగ్గన్న ఆటో హారను కొట్టి, "ఆట ఉన్నాదేటి?" అని అరిచి, జవాబు వినకుండానే పోయాడు.

లెక్క మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. అత్తయ్యది మూడు గంటల ఇరవై నిమిషాలు. మావయ్యది మూడూ అయిదు. నాది మూడూ పది.

రెండో రోజు సాయంత్రం మావయ్య ఆట నెగ్గారు. రామచంద్రరావు గారి మూడు పులులూ కదలకుండా ఇరుక్కున్నాయి. ఆట మొదలుపెట్టాక ఇదే మొదటి గెలుపు. మావయ్య చేతులు పైకెత్తి చుట్టూ చూశారు. వరండాలో ఎవరూ లేరు. చేతులు మెల్లగా దించుకుని, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ప్రమోదా, ఎవుడూ సూడకుండా గెలిస్తే అది గెలుపేటమ్మా?"

నేను కాడకు అంటించిన పేరు వైపు చూశాను. మావయ్య గాభరాపడి మళ్ళీ పెట్టుకున్నారు. "కాదులే, కాదులే. నీ ఉద్యోగం కోసమే కదా, ఇంకా రెండు రోజులే."

నేను లోపలికి వెళ్ళి మురళి పక్కన కూర్చున్నాను.

"మనం ఇలాగే రెండు రోజులు ఉంటే నేను ఈ ఊళ్ళో ఉంటాను" అన్నాను. "తర్వాత వీటిని అందరూ సొరుగులో పడేస్తారు. అప్పుడు ఇక్కడ కేంద్రం పెట్టి నేనేం చెప్పాలి? మా ఇంట్లో అందరూ ఇష్టంగా పెట్టుకున్నారనా?"

"నిజం సెప్పేస్తే?"

"సోమవారం భువనేశ్వర్."

అతను నా వేళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టు ముట్టుకున్నాడు. తర్వాత స్టేషన్ గొంతుతో, "బరంపురం, బువనేస్వరం మద్దెన రోజుకి శానా బళ్ళు ఉన్నాయి" అన్నాడు. నాకు అతని మీద ఎంత ప్రేమ పొంగిందంటే, లేచి వెళ్ళి ముగ్గురి పేర్లూ గోటితో గీకి పీకేశాను. వాటి జిగురు వేళ్ళకు అంటుకుని ఒక పట్టాన పోలేదు.

నాగేంద్రప్రసాద్ గారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ రెండు రోజుల మూడేసి గంటలూ మేం బలవంతంగా కూర్చుని తెచ్చినవి, వాటిని లెక్కలోంచి తీసేయమన్నాను. "రేపు శనివారం, పరీక్ష ముగింపుకు నేను ఎలాగూ రావాలి. వచ్చి చూస్తాను" అన్నారాయన.

శనివారం ఆయన వచ్చేసరికి నాలుగయింది. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, చంకలో నోటుబుక్కుతో ఉన్నారు. ఆయన సొంత ఊరు ఖల్లికోటేనని అప్పుడే తెలిసింది. తన కళ్ళజోడు పెట్టుకుని ఒక మూల కుర్చీలో కూర్చున్నారు, పరీక్షకుడిలాగా. మేం ఎవరికీ ఏమీ చెప్పలేదు. కబురు మాత్రం పిన్నికి చేరింది, పిన్నికి చేరితే వీధికి చేరినట్టే.

ఆట సగంలో పడింది. రామచంద్రరావు గారి పులి మా మేకల మధ్యకు దూకింది. మావయ్య కళ్ళజోడు చేతులు మారుతూ గోడ దాకా పోయింది. అత్తయ్యది జగ్గన్న ముక్కు మీద, నాది ఎదురింటి ముసలాయన దగ్గర. పిన్నికి ఏదీ అందలేదు. ఆవిడ చుట్టూ చూసి, మూల కుర్చీ దగ్గరికి నడిచి, పిండి అంటిన రెండు వేళ్ళతో మా పై అధికారి మొహం మీంచి కళ్ళజోడు తీసేసుకుంది.

"ఒక్కపారి బావూ. మీరు సూసినారు కదా."

ఆయన ముక్కు మీద తెల్లగా పిండి. జేబురుమాలు కోసం తడుముకున్నారు. ఇంతలో పిన్ని అరిచింది, "బావగారూ, కుడి పక్క! కుడి పక్క మూసీండి!"

"కుడి కాదు!" అని నాగేంద్రప్రసాద్ గారు కుర్చీలోంచి లేచారు. "నేను ఇందాకే చూశాను, పై గీత! పై గీత మూయండి, పులి అక్కడే దూరతాది!"

ఆ "దూరతాది" ఆయన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. అందరూ ఘొల్లుమన్నారు. మావయ్య తన కళ్ళజోడు లాక్కుని పెట్టుకుని పై గీత మూశారు. అటు నుంచి రామచంద్రరావు గారు, "ఒరే సన్నాసీ, ఎవుడ్రా ఆ దొంగ సలహా ఇచ్చినవోడు? మా ఊరి గొంతులా ఉన్నాది!" అని గర్జించారు.

ఆ తర్వాత ఆయన కుర్చీలో కూర్చోలేదు. నేల మీద మా మావయ్య పక్కన చేరి, నోటుబుక్కు తెరిచి ఒక్కొక్క మొహానికీ ఒక గీత గీశారు. గంటలో ఒక్క కళ్ళజోడు పదకొండు మంది పెట్టుకున్నారు. వెళ్ళేముందు నన్ను పక్కకు పిలిచారు.

"నువ్వు షరతు నెగ్గలేదు. నివేదికలో అలాగే రాస్తాను."

"రాయండి సార్."

"రెండో పేజీలో ఇంకోటి రాస్తాను. దాని మీద పైవాళ్ళు ఏమంటారో నాకూ తెలియదు."

ఆదివారం మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అత్తయ్య నాలుగు రకాల పొడులు చేసి డబ్బాల్లో పోశారు. నేను బట్టలు మడత పెడుతుంటే మురళి మడత విప్పి మళ్ళీ పెట్టాడు, ఆలస్యం చేయడానికి. సాయంత్రం ఆరు దాటాక నా ఫోన్‌కు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మొదటి పేజీలో ఎర్ర అక్షరాలతో "విఫలం". రెండో పేజీలో మూడు వాక్యాలు. ఇప్పటివరకూ ఎవరి దగ్గరా మొదటి వారం దాటని కళ్ళజోడు, ఈ ఇంట్లో మాత్రం అడిగి మరీ పెట్టుకుంటున్నారు. కాబట్టి ఇంటికంతటికీ కలిపి ఒకటిగా, ఏ కళ్ళు పెట్టుకున్నా గుర్తుపట్టి, వాళ్ళ భాషలో వాళ్ళకు చూపించే కళ్ళజోడు తయారు చేయాలి. దాని పరీక్షా కేంద్రం ఆరు నెలల పాటు బరంపురంలో, బాధ్యత ప్రమోదది.

నేను చదివి వినిపించాను. అత్తయ్యకు నమ్మకం కలగలేదు, నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని తనే చదివారు. మావయ్య వెంటనే ఖల్లికోటకు ఫోన్ చేసి, "మా కోడలు నెగ్గీసింది!" అని అరిచారు. రామచంద్రరావు గారు, "నీ కోడలు కాబట్టి నెగ్గింది, నువ్వయితే ఓడిపోదువు" అన్నారు. మురళి నన్ను ఎత్తి తిప్పబోయి, అమ్మ ఉందని గుర్తొచ్చి ఆగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కనున్న పొడి డబ్బాను ఎత్తాడు.

సోమవారం పొద్దున్న అతను డ్యూటీకి వెళ్ళాక నేను దోసెలు పోస్తుంటే ఫోన్ మోగింది. అవతల స్టేషన్ గోల, ప్లాట్‌ఫారం మీద అరుపులు, కూత.

"దయసేసి వినండి" అన్నాడు మురళి గొంతు, చాలా గంభీరంగా. "లంజిపల్లి ప్రమోద గారు ఎక్కవలసిన బండి ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీంచి ఇప్పుడే బయల్దేరినాది. ఆవిడ అందులో లేరు."

చక్రాల చప్పుడు ఫోన్‌లో దగ్గరికి వచ్చి, దూరమై, సన్నబడింది. పెనం మీద దోసె మాడింది. అయినా నేను ఫోన్ పెట్టలేదు, అతనూ పెట్టలేదు.